లెల్లా దూజా ఖాళీ గడులు

మూడో రోజు కూడా సరుకుల గది తాళం తెరుచుకోలేదు.

గురువారం మధ్యాహ్నం దొర్సాఫ్ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి మామగారు హాజ్ మన్సూర్ పొయ్యి ముందు నిలబడి కాఫీ గిన్నెకేసి అనుమానంగా చూస్తున్నాడు. కాఫీ అప్పటికే పొంగి, పొయ్యి మీద పడి, మాడిన వాసన గుమ్మం దాకా వచ్చేసింది. నలభై రెండేళ్ళ సంసారంలో ఆయన తన కాఫీ తాను కాచుకోవడం ఇది మూడోసారి. ఆ మూడుసార్లూ ఈ మూడు రోజుల్లోనే.

"మీ అత్తగారు డాబా మీద ఉంది. నాతో కూడా మాటల్లేవు. నేనేం చేశానో నాకైతే తెలీదు," అన్నాడాయన.

"మీరేం చెయ్యలేదు బాబా హాజ్. చేసింది నేను."

"అది తెలుసులే. చక్కెర ఎక్కడుంటుందో నీకు తెలుసా?"

చక్కెర సరుకుల గదిలో ఉంది. హరీసా కారం సీసాలు, నూనె డబ్బాలు, శనివారం వచ్చిన నాలుగు బస్తాల గోధుమ రవ్వ కూడా అక్కడే ఉన్నాయి. గది తాళంచెవి మాత్రం అత్తగారు లెల్లా దూజా నడుముకి వేలాడుతోంది.

ఆ నాలుగు బస్తాల రవ్వనీ నీళ్ళు చిలకరించి, అరచేతులతో నలిపి, జల్లించి, ఆవిరి పట్టి, డాబా మీద ఆరబోస్తేనే ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా వండుకోవడానికి సరిపడా కుస్కుసీ. ఆగస్టు సగం దాటిందంటే సముద్రం వైపు నుంచి తేమ గాలి మొదలవుతుంది. అప్పుడు ఎంత ఆరబోసినా బూజు తప్పదు. నిరుడు ఆ పని మొదలుపెట్టిన రోజున తోటికోడలు ఓల్ఫాకి ఆసుపత్రిలో డ్యూటీ పడింది, దొర్సాఫ్‌కి ఆఫీసులో సెలవు దొరకలేదు. లెల్లా దూజా పక్కింటావిడతో కలిసి సగమే చెయ్యగలిగింది, మిగతా సగం రవ్వకి పురుగు పట్టింది. అందుకే ఈ ఏడాది ఆ పొరపాటు జరక్కూడదని దొర్సాఫ్ ఒక తెలివైన పని చేసింది. ఇంట్లో వచ్చిన గొడవంతా ఆ తెలివి నుంచే.

ఆమె ఉద్యోగం ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఇరవై మూడు మందికి పని పంచడం. ఎవరి చేతిలో ఎన్ని గంటల పని ఉంది, ఎవరికి తీరిక ఉంది, ఎవరు సెలవులో ఉన్నారు, అంతా ఒక సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. మనిషికో వరస, గంటకో గడి. తీరిక ఉంటే ఆకుపచ్చ, చేతినిండా పని ఉంటే పసుపు, మోయలేనంత ఉంటే ఎరుపు. దాన్నే ఇంటికి తెచ్చింది. ఏడుగురికి ఏడు వరసలు పెట్టి అందరూ కుదిరే రోజు కోసం వెతికితే వచ్చే మంగళవారం తేలింది. అదొక్కటే తేలింది.

సోమవారం రాత్రి భోజనాలయ్యాక మొగుడు లస్సాద్ ఆ పట్టికని టీవీలో పెట్టి అందరికీ చూపించాడు. అందరూ నవ్వుకున్నారు. ఓల్ఫా వరస ఎర్రగా ఉంది. దొర్సాఫ్‌ది, లస్సాద్‌ది పసుపు. చేపల బజారు, కాఫీ హోటలు, మసీదు, పగటి కునుకు అని లస్సాద్ సరదాగా నింపడంతో హాజ్ మన్సూర్‌కి కూడా ఊపిరి సలపనంత పని తేలింది. లెల్లా దూజా వరస మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఆకుపచ్చగా ఉంది. ఆవిడకి ఆఫీసు లేదు, డ్యూటీ లేదు. ఎవరూ ఏమీ రాయలేదు.

"ఈ పచ్చ రంగేమిట్రా?" అని అడిగింది ఆవిడ.

"ఖాళీ అని ఉమ్మీ. నీకు పనేం లేదని. ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతావని," అన్నాడు లస్సాద్, పుచ్చకాయ ముక్క నోట్లో పెట్టుకుంటూ. ఆ ముక్క కోసి, గింజలు తీసి, పళ్ళెంలో పెట్టింది ఆవిడే.

లెల్లా దూజా అరవలేదు. అరిచి ఉంటే అందరికీ హాయిగా ఉండేది. పళ్ళేలన్నీ తీసింది, కడిగింది, బోర్లించింది, తుడిచిన గుడ్డ ఆరేసింది. సరుకుల గదికి తాళం వేసింది. "నాకు పనేం లేదుగా," అని డాబా ఎక్కింది. మళ్ళీ వంటింట్లోకి రాలేదు.

మూడు రోజుల్లో ఇంటి సంగతి బయటపడింది. మంగళవారం గ్యాస్ అయిపోతే బండ తెచ్చేవాడి నంబరు ఎవరి దగ్గరా లేదు, పక్కింట్లో అడిగి తెప్పించేసరికి రాత్రయింది. బుధవారం ఓల్ఫా కూతురు సిరీన్ ఈత క్లాసుకి వెళ్ళలేదు, ఎందుకంటే ఆ పిల్లని ప్రతి వారం తీసుకెళ్ళేది ఎవరో ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పిల్ల కూడా చెప్పలేదు, క్లాసు ఎగ్గొట్టడం దానికి బానే ఉంది.

డ్యూటీ నుంచి వచ్చిన ఓల్ఫా బల్ల మీద తల ఆనించి కూర్చుంది. ఇంట్లో రొట్టె కూడా లేదని తెలిసింది. ఇక ఆగలేదు.

"నీ ఆఫీసు తెలివితేటలు ఆఫీసులో పెట్టుకోవచ్చుగా, ఇంటికెందుకు మోసుకొచ్చావు? ఆవిడ పేరు పక్కన ఏదో ఒకటి రాస్తే నీ సొమ్మేం పోయేది?"

"ఏం రాయాలో తెలియలేదు."

"తెలియలేదా?"

"నీకు తెలుసా? చెప్పు, పొద్దున్న ఏడింటికి ఆవిడేం చేస్తుంది?"

పొద్దున్న ఏడింటికి ఆవిడ ఎక్కడో అక్కడ ఉంటుంది. పిలిస్తే పలుకుతుంది. అంతకన్నా ఇద్దరికీ తెలియదు.

"ఎర్రగా ఉందని నా వరస చూసి మురిసిపోయాను. పోయి కాళ్ళు పట్టుకో. నువ్వు కాకపోతే నేను," అంది ఓల్ఫా చివరికి, మెత్తబడి.

* * *

డాబా మీద ద్రాక్ష పందిరి నీడలో లెల్లా దూజా నాలుగు జల్లెడలు ముందేసుకుని కూర్చుంది. మాట్లాడటం మానేసిన మనిషి పని మాత్రం మానలేదు. జల్లెడలన్నీ కడిగి ఎండబెట్టి, తెల్ల దుప్పట్లు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. అవి చూడగానే దొర్సాఫ్‌కి సగం భయం తీరింది. కుస్కుసీ చెయ్యకూడదనుకున్న మనిషి జల్లెడలు కడగదు.

పక్కన కూర్చుంది. తప్పయిపోయిందని చెప్పింది. ఆ సాఫ్ట్‌వేర్‌కి పని గడిలో రాస్తేనే కనబడుతుందని, రాయకపోతే మనిషి ఊరికే కూర్చున్నట్టు లెక్కేసుకుంటుందని, తప్పు దానిది కాదు, రాయని తనదని చెప్పింది. లెల్లా దూజా జల్లెడ ఎత్తి ఎండకేసి చూసింది, కన్నాలు పూడాయేమోనని.

తర్వాత, "ఆ డబ్బా తెచ్చావా?" అంది.

దొర్సాఫ్ సంచీలోంచి లాప్‌టాప్ తీసింది.

"రాసుకో. నాలుగున్నర. రొట్టెల పిండి. ఐదింటికి మీ మామగారి కళ్ళల్లో చుక్కల మందు. ఆయన రెండు కళ్ళూ మసకేగా, తనంతట తాను వేసుకుంటే సగం గడ్డానికి పోతుంది. ఐదుంబావుకి మొక్కలకి నీళ్ళు. ఆరింటికి రొట్టెలు. ఆరున్నరకి ఓల్ఫా డ్యూటీ నుంచి వచ్చే రోజైతే దానికి టిఫిను, వెళ్ళే రోజైతే దానికి డబ్బా. ఏడింటికి నీ చొక్కా ఇస్త్రీ."

"నా చొక్కానా?"

"మరి తనంతట అదే నలగకుండా ఉంటుందనుకున్నావా?"

"లస్సాద్ చేస్తున్నాడనుకున్నాను."

లెల్లా దూజా మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. నవ్వి, అదీ రాయమంది. చొక్కా ఇస్త్రీ, పేరు లస్సాద్‌ది, పని లెల్లా దూజాది.

ఆవిడ చెబుతూ పోయింది. సిరీన్ ఈత క్లాసు. పక్కింటి ముసలావిడకి రక్తపోటు మాత్రలు గుర్తుచెయ్యడం. కూర పొయ్యి మీద ఉండగా ఫోన్లో చెల్లెలి గోడు వినడం. షెడ్డులో ఉన్న హాజ్ మన్సూర్ పాత పికప్ బండి తుడవడం.

"ఆ బండిని రెండేళ్ళుగా ఎవరూ బయటికి తియ్యడం లేదుగా?"

"తియ్యకపోతే దుమ్ము పడదా?"

మధ్యలో సాఫ్ట్‌వేర్ మొరాయించింది. కూర, ఫోను ఒకే గంటలో పెట్టనివ్వనంది.

"రెండు పనులు ఒకేసారి కుదరవంటోంది లెల్లా."

"అయితే దానికి పని రాదు."

మధ్యాహ్నం దాకా వచ్చేసరికి ఆవిడ వంగి తెరకేసి చూసింది. రెండు గంటల దగ్గర గడులు ఆగిపోయి ఉన్నాయి.

"మిగతావేవీ?"

దొర్సాఫ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసు పట్టికని అట్లాగే దించేసుకుంది. జూలై, ఆగస్టుల్లో ఆఫీసులన్నీ ఒంటిపూటే.

"ఇవి వేసవి వేళలు లెల్లా. రెండింటికి రోజు అయిపోతుంది."

"ఎవరికి?"

దొర్సాఫ్ రాత్రి పది దాకా గడులు పెంచింది. అవీ నిండాయి. ఒక్కొక్క గడీ పసుపై, పసుపు ఎరుపై, వారమంతా ఇటు నుంచి అటు ఎర్రగా నిగనిగలాడింది. లెల్లా దూజా దాన్ని కొత్త పింగాణీ పళ్ళెం చూసినట్టు చూసుకుంది. ఓల్ఫా కన్నా ఎరుపేనా అని అడిగింది. ఓల్ఫా కన్నా ఎరుపే అంది దొర్సాఫ్. ఆవిడకి కడుపు నిండింది.

"ఒకటి మిగిలిపోయింది," అంది అప్పుడు. "మంగళవారం. పది నుంచి పన్నెండు. నేను ఉండను."

"ఎక్కడికి వెళ్తారు?"

"ఉండనని రాయి."

"మంగళవారం కుస్కుసీ రోజు లెల్లా. అందరికీ కుదిరింది ఆ ఒక్క రోజే. మీరు లేకుండా రవ్వలో నీళ్ళు ఎవరు చిలకరిస్తారు?"

"తెలుసు. అయినా రాయి."

దొర్సాఫ్ ఆవిడ మొహంలోకి చూసింది. కోపం లేదు. సిగ్గులాంటిదేదో ఉంది, మొండితనం కూడా ఉంది.

"మీ ఆఫీసులో ఒకమ్మాయి రెండు గంటలు సెలవడిగితే మీ పెద్దాయన ఎందుకు, ఎక్కడికి అని నిలదీశాడని, నువ్వాయనతో దెబ్బలాడావని అన్నం తింటూ చెప్పావు. లేనంటే లేనట్టే, కారణం చెప్పక్కర్లేదు అని రూలు పెట్టించానన్నావు. ఆ రూలు ఇంట్లో పనిచెయ్యదా?"

"చేస్తుంది."

"నలభై రెండేళ్ళుగా ఎప్పుడు ఖాళీగా ఉంటావని నన్నెవరూ అడగలేదు బిన్తీ. నీ డబ్బా అడిగింది. అడిగింది కాబట్టి చెబుతున్నాను. మంగళవారం ఆ రెండు గంటలూ నేను ఎవరికీ దొరకను."

కోపంగా ఉన్నప్పుడు కోడలిని పేరుతో పిలుస్తుంది ఆవిడ. ప్రేమ వచ్చినప్పుడే నా కూతురా అన్నట్టు బిన్తీ అంటుంది. దొర్సాఫ్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. మంగళవారం కింద ఆ రెండు గడులనీ బూడిదరంగు చేసింది. కారణం రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. చెప్పడానికి ఆమెకి మాత్రం ఏం తెలుసు?

లెల్లా దూజా నడుము నుంచి తాళంచెవి తీసి ఆమె ఒళ్ళో పడేసింది.

"చక్కెర తీసి పెట్టు. ఆ మనిషి ఇల్లు తగలబెట్టేలా ఉన్నాడు."

* * *

ఆ సాయంత్రం ఇంట్లో చేప కూర వాసన వచ్చింది. హాజ్ మన్సూర్ రెండు కప్పుల కాఫీ తాగాడు. లస్సాద్ తల్లి చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుని, బుద్ధి లేక అన్నానని ఒప్పుకున్నాడు. ఫోనులో పట్టిక తెరిచి, తల్లి ఎర్ర వరసని కిందికీ పైకీ జరిపి చూసి, దొర్సాఫ్ చొక్కా ఇస్త్రీ పక్కన తన పేరు కనబడేసరికి పెళ్ళాం వైపు చూడలేకపోయాడు. అంతా సర్దుకున్నట్టే ఉంది.

ఇంతలో వాడికి బూడిదరంగు గడులు కనిపించాయి.

ఇదేమిటన్నాడు. లెల్లా దూజా చేపలో ముల్లు తీసి సిరీన్ పళ్ళెంలో పెడుతోంది, తలెత్తలేదు. ఇంకేముంది, మంగళవారాలు చెల్లెలింటికి వెళ్తుందిగా అన్నాడు హాజ్ మన్సూర్. కిందటి వారం మంగళవారం ఆ చెల్లెలే ఫోన్ చేసి అక్క ఏదని అడిగిందని ఓల్ఫాకి గుర్తొచ్చింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ గట్టిగా అడగలేకపోయారు. మూడు రోజుల మాడు కాఫీ ఇంకా నోట్లోనే ఉంది.

ఆవిడే మాట మార్చింది. తోటలో బాదం కాయలు పగిలాయట, ఈ ఆదివారం దులపకపోతే పిట్టల పాలేనట, ఎవరు తీసుకెళ్తారని అడిగింది. ఆ తోట ఊరి బయట పదమూడో కిలోమీటరు రాయి దగ్గర, ఆవిడ పుట్టింటి వాళ్ళిచ్చింది. హాజ్ మన్సూర్ కళ్ళు మసకబారి బండి తీయడం మానేసినప్పటి నుంచి ఆవిడ ప్రతి వారమూ ఇదే అడుగుతుంది. ఓల్ఫా మొగుడు ఆదివారం బంధువులింట్లో నిశ్చితార్థం అన్నాడు. లిఫ్టులు బాగుచేసే లస్సాద్ ఏదో హోటల్లో లిఫ్టు ఆగిపోయింది, ఆ రోజు వెళ్ళాలన్నాడు. వచ్చే వారం చూద్దాం ఉమ్మీ అన్నాడు.

"చూశానులే. అందరి వరసలూ చూశాను," అంది లెల్లా దూజా. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది.

"అన్నట్టు ఆ పికప్ బండి ఎందుకు షెడ్డులో, ఎవరూ నడపనప్పుడు? ఒకాయన కొంటానన్నాడు. బుధవారం పదింటికి చూసుకోవడానికి వస్తాడు. నా వరసలో అది కూడా రాయరా లస్సాద్," అన్నాడు హాజ్ మన్సూర్.

లెల్లా దూజా చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆయన పళ్ళెంలోనే ఇంకొంచెం కూర వేసింది.

* * *

మర్నాడు పొద్దున్న ఆఫీసు దగ్గర దింపడానికి లస్సాద్ తన లిఫ్టు కంపెనీ వ్యాన్ తీశాడు. ఉమ్మీ ఎక్కడికి వెళ్తుందో నీకు తెలుసు అన్నాడు. తెలీదంది దొర్సాఫ్. అడగమన్నాడు. అడగనంది. కుస్కుసీ బుధవారానికి మారుస్తున్నట్టు మాత్రం చెప్పింది.

"రెండు గంటల కోసం ఏడుగురిని మారుస్తావా? డాక్టరు దగ్గరికేమో. ఏదైనా జబ్బేమో. కొడుకుని, నాకు తెలియక్కర్లేదా?"

"జబ్బు మనిషి మొహం అట్లా వెలగదు లస్సాద్."

"అయితే ఇంకేమిటి?"

"ఆఫీసులో నేను ఒక రూలు పెట్టించినప్పుడు నువ్వే శభాష్ అన్నావు. ఇంట్లో మీ అమ్మకి ఇంకో రూలా?"

లస్సాద్ గ్రెమ్దా రోడ్డు పొడుగునా వ్యాన్ వేగంగా తోలాడు. ఆమె దిగేటప్పుడు నేనే కనుక్కుంటానన్నాడు.

ఆఫీసులో సెలవు జరపడం అంత తేలిగ్గా కాలేదు. బుధవారం చేపల రేవులో కట్టబోయే మంచు ఫ్యాక్టరీ నక్షాలు ఇవ్వాలి. పెద్దాయన సీ ముఖ్తార్ కళ్ళజోడు నుదుటికెత్తి, మంగళవారం అన్నావుగా, బుధవారం ఎందుకైందని అడిగాడు. కారణం చెప్పక్కర్లేదని రూలుందని గుర్తుచేసింది దొర్సాఫ్. ఆ రూలు పెట్టిన రోజే తన కొంప మునిగిందని ఆయన నవ్వి, మంగళవారం సాయంత్రంలోగా నక్షాలన్నీ తన బల్ల మీద ఉండాలన్నాడు. ఒంటిపూట సంగతి మర్చిపొమ్మన్నాడు. సరేనంది. ఓల్ఫా డ్యూటీ మార్చుకోవడానికి ఇద్దరు నర్సులకి మొక్కుకోవాల్సి వచ్చింది. ఆ మొక్కులు ఎవరి ఖాతాలో రాయాలో నీ డబ్బానే అడుగు అని సణిగింది. అయినా మార్చుకుంది.

ఆదివారం తోటకి ఎవరూ వెళ్ళలేదు.

* * *

మంగళవారం పది దాటింది. దొర్సాఫ్ మంచు ఫ్యాక్టరీ నక్షాల మధ్య కూరుకుపోయి ఉండగా ఫోన్ మోగింది.

"తప్పించుకుంది," అన్నాడు లస్సాద్. "రెండు గంటలు సెలవు పెట్టి వీధి చివర వ్యాన్‌లో కాపు కాశాను. టాక్సీ ఎక్కింది. కూరగాయల బజారు దగ్గర మాయమైంది. మీ ఆఫీసు వైపే వస్తున్నా. కిందికి దిగు, మాట్లాడాలి. ఇక్కడ ఒక కొత్త డ్రైవరు దారికడ్డంగా బండి ఆపేసి కూర్చున్నాడు. ఉండు."

కింద హారన్లు మోగాయి. రెండో అంతస్తు కిటికీ దగ్గరికి ఇద్దరు ముగ్గురు చేరారు. దొర్సాఫ్ కూడా వెళ్ళింది.

చౌరస్తాలో నెత్తిన బోర్డున్న డ్రైవింగ్ స్కూలు కారు ఆగిపోయి ఉంది. ముందు లైటు పచ్చగా వెలుగుతోంది. దాని వెనకే లిఫ్టు కంపెనీ వ్యాన్. లస్సాద్ కిటికీలోంచి సగం బయటికి వంగి, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో హారన్ కొడుతున్నాడు. కార్లో పక్క సీట్లో నేర్పే ఆయన నిదానంగా ఏదో చెబుతున్నాడు. స్టీరింగు ముందు ఒక పెద్దావిడ. గోధుమరంగు తలగుడ్డ. మెడ నిటారుగా పెట్టుకుని, రవ్వలో నీళ్ళు చిలకరించేటప్పుడు ఉండే శ్రద్ధతో, ముందుకి చూస్తోంది.

"ఎవరో మామ్మగారు. ఈ వయసులో ఎందుకో పాపం," అన్నారెవరో కిటికీ దగ్గర.

రెండేళ్ళుగా కదలని బండిని అత్తగారు రోజూ ఎందుకు తుడుస్తోందో దొర్సాఫ్‌కి ఇప్పుడు తెలిసింది.

వెనక హారన్ ఆగకుండా మోగుతోంది. లెల్లా దూజా తలెత్తి అద్దంలోకి చూసింది. వెనక ఎవరున్నారో చూసినట్టే ఉంది. మళ్ళీ ముందుకే తిరిగింది. కారు ఒక్కసారి ఎగిరిపడి, ఊపిరి తీసుకుని, కదిలింది. లైటు దాటింది. ఎడమవైపు తిరిగేటప్పుడు ఆవిడ పక్కమొహం వ్యాన్‌కి పూర్తిగా కనిపించింది.

హారన్ ఆగిపోయింది.

లైటు ఇంకా పచ్చగానే ఉంది. వ్యాన్ కదల్లేదు. ఇప్పుడు వెనకున్న వాళ్ళంతా లస్సాద్ మీద హారన్లు కొడుతున్నారు.

"దొర్సాఫ్," అన్నాడు వాడు ఫోనులో. "ఉమ్మీ."

"చూశాను."

"నీకు తెలుసా?"

"తెలీదు. ఇప్పుడే తెలిసింది." కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. "ఆవిడని తోటకి తీసుకెళ్ళడానికి రెండేళ్ళుగా మనలో ఎవరికీ ఒక్క గంట దొరకలేదు. నా వరసా పసుపే, నీ వరసా పసుపే. వెంటపడటానికి మాత్రం ఇవాళ నీకు రెండు గంటలు దొరికాయి."

లైటు ఎర్రబడింది, మళ్ళీ పచ్చబడింది. వ్యాన్ మెల్లిగా పక్కకి జరిగి చెట్టు కింద ఆగింది.

"బాబా రేపు ఆ బండి అమ్మేస్తున్నాడు," అన్నాడు వాడు. "మాట కూడా ఇచ్చేశాడు. నా చేత్తోనే రాశాను."

దొర్సాఫ్ తన బల్ల దగ్గరికి వచ్చి ఇంటి పట్టిక తెరిచింది. బుధవారం కింద అందరి వరసల్లోనూ కుస్కుసీ అని ఉంది. హాజ్ మన్సూర్ వరసలో మాత్రం పది గంటల గడిలో పికప్ బండి బేరం. ఎవరికీ చెప్పనని తను మాటిచ్చింది. ఆ గడి రేపటికి అట్లాగే ఉంటే ఆవిడ ఇన్ని మంగళవారాలు నేర్చుకున్నా నడపడానికి బండే ఉండదు. అంతకన్నా, ఆ బండి షెడ్డులోంచి వెళ్ళిపోతుంటే ఆవిడ రవ్వ నలుపుతూ కూర్చుని ఒక్క మాట కూడా అనదు. అది దొర్సాఫ్‌కి బాగా తెలుసు.

మామగారి నంబరు నొక్కింది. కాఫీ హోటల్లో ఉన్నాడాయన, చుట్టూ గోల వినిపిస్తోంది.

"బాబా హాజ్, రేపు పదింటి బేరం ఆపండి. ఒక్క నెల ఆపండి చాలు."

"మాటిచ్చానమ్మా. ఇప్పుడు వద్దంటే ఆ మనిషి ఏమనుకుంటాడు?" కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "కారణం ఏమిటి?"

"కారణం నేను చెప్పకూడదు బాబా హాజ్, నెల తిరిగేసరికి మీరే చూస్తారు," అంటూ దొర్సాఫ్ కిటికీలోంచి కిందికి చూసింది. డ్రైవింగ్ స్కూలు కారు వీధి చుట్టి మళ్ళీ ఇటే వస్తోంది. ఈసారి చౌరస్తాలో ఆగలేదు.